కంపెనీ పేరే డొమైన్‌గా విమర్శకుల వెబ్‌సైటు: యూడీఆర్‌పీ ఫిర్యాదుకు ఏం జవాబివ్వాలి?

అక్షర

ఒక కంపెనీ సేవల వల్ల నష్టపోయిన వినియోగదారులం కొందరం కలిసి ఒక వెబ్‌సైటు నడుపుతున్నాం. వివాదం నడుస్తున్నందున కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. మా డొమైన్ పేరు అచ్చంగా ఆ కంపెనీ ట్రేడ్‌మార్కే. ముందు గానీ వెనక గానీ మరో మాట లేదు. కంపెనీది డాట్ కామ్, మాది డాట్ ఓఆర్‌జీ, అంతే తేడా. ‘ఇది ఆ కంపెనీ అధికారిక వెబ్‌సైటు కాదు’ అన్న వాక్యం మొదటి పేజీలో పైనే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని కింద వినియోగదారుల ఫిర్యాదులు, వాటికి కంపెనీ పంపిన జవాబుల ప్రతులు, ఇంకా వాపసు రాని సొమ్ము వివరాలు ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటీ అబద్ధమని కంపెనీ ఇంతవరకు అనలేదు.

ఇప్పుడు ప్రపంచ మేధోసంపత్తి సంస్థ, అంటే వైపో నుంచి నోటీసు వచ్చింది. యూడీఆర్‌పీ (డొమైన్ పేర్ల వివాదాలను కోర్టు బయట తేల్చే విధానం) కింద మాపై ఫిర్యాదు దాఖలైందని, డొమైన్‌ను తమకు బదిలీ చేయాలని కంపెనీ కోరుతోందని, 20 రోజుల్లో జవాబు ఇవ్వాలని అందులో ఉంది. మేం రాసినవన్నీ నిజమని ఆధారాలతో చూపిస్తే సరిపోతుందా? ఇంకేదైనా నిరూపించాల్సి ఉంటుందా?

తీర్పుల పఠిత

అక్షర గారూ, మీ రాతలు నిజమా కాదా అన్న ప్రశ్న ఈ ప్రక్రియలో దాదాపుగా రాదు. ప్యానెల్, అంటే ఫిర్యాదుపై నిర్ణయం చెప్పే నిపుణులు, చూసేది పేరును, ఆ పేరును మీరు ఎందుకు తీసుకున్నారన్న దాన్ని. ఈ తేడా మనసుకు పట్టకపోతే జవాబు మొత్తం పక్కదారి పడుతుంది. యాభై ఫిర్యాదుల ప్రతులు జతచేసి, అసలు అడిగిన దానికి ఒక్క పేరా కూడా రాయని ప్రతివాదులు ఉంటారు.

యూడీఆర్‌పీని డొమైన్ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే సంస్థ ఐకాన్ 1999 ఆగస్టులో ఆమోదించింది. డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఓఆర్‌జీ వంటి పేరు తీసుకునే ప్రతి ఒక్కరూ రిజిస్ట్రార్‌తో, అంటే పేరును నమోదు చేసే సంస్థతో, చేసుకునే ఒప్పందంలోనే దీనికి కట్టుబడతారు, ఆ ఒప్పందాన్ని ఎవరూ చదవకపోయినా సరే. ఇతరుల ట్రేడ్‌మార్కులను పేర్లుగా కొని దాచుకుని, ఎక్కువ ధరకు అమ్మజూపేవారి కోసం పుట్టిన విధానమిది. దీని కింద వచ్చిన మొట్టమొదటి కేసు కూడా అలాంటిదే. వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ పేరును ఒక వ్యక్తి నమోదు చేసుకుని, మూడు రోజులకే వెయ్యి డాలర్లకు అమ్ముతానని ఆ సంస్థకే కబురు పంపాడు. 2000 జనవరిలో ఆ పేరు సంస్థకు దక్కింది. విమర్శకులు ఈ విధానం పరిధిలోకి వచ్చి పడ్డారే తప్ప, వారిని దృష్టిలో పెట్టుకుని దీన్ని రాయలేదు.

ఫిర్యాదుదారు మూడు విషయాలూ నిరూపించాలి, ఒక్కటి తప్పినా ఓడిపోతాడు. డొమైన్ పేరు తన ట్రేడ్‌మార్కుతో సమానంగా గానీ, తికమకపడేంత దగ్గరగా గానీ ఉందని చూపాలి. మీ విషయంలో ఇది చర్చకే తావు లేనిది. ఆ పేరుపై మీకు హక్కు గానీ న్యాయబద్ధమైన ప్రయోజనం గానీ లేదని చూపాలి. చివరిగా, మీరు దాన్ని దురుద్దేశంతో నమోదు చేశారని, దురుద్దేశంతోనే వాడుతున్నారని, రెండూ చూపాలి. రెండో అంశంలో మీకు ఆధారం 4వ పేరాలోని ఒక నిబంధన: వినియోగదారులను తప్పుదారి పట్టించి లాభం పొందే ఉద్దేశం లేకుండా, ట్రేడ్‌మార్కుకు మచ్చ తెచ్చే ఉద్దేశం లేకుండా, వ్యాపారేతరంగా లేదా న్యాయమైన రీతిలో పేరును వాడుకుంటే అది న్యాయబద్ధమైన ప్రయోజనమే. కేవలం విమర్శించడాన్ని ఈ ‘మచ్చ తేవడం’ కింద లెక్కగట్టకూడదని చాలా ప్యానెళ్లు చెప్పాయి. మీ జవాబులో సగానికి పైగా ఈ ఒక్క నిబంధన చుట్టూనే తిరగాలి.

నిర్మొహమాటం

అంటే వినియోగదారుడు నిజమే రాశాడు, లాభం కోసం రాయలేదు, అధికారిక వెబ్‌సైటు కాదని పైనే చెప్పాడు; అయినా పేరు పోవచ్చన్నమాట. ఒక కంపెనీ గురించి మాట్లాడాలంటే దాని పేరు ఎత్తకుండా ఎలా మాట్లాడతాం? పేజీలో రాసుకో, తలుపు మీద మాత్రం రాయకు అనడం వాక్‌స్వేచ్ఛను పెరట్లోకి పంపడమే. ఫిర్యాదు కోసం వెతికేవారికి కంపెనీ ప్రకటనల కంటే ముందు ఆ ఫిర్యాదు కనిపించడమే కదా దీని ప్రయోజనం?

కేతన

నేను ఎక్కువగా ట్రేడ్‌మార్కు యజమానుల పక్షాన పనిచేస్తాను కాబట్టి ఆ వైపు వాదన చెప్పడం నా వంతు. నిర్మొహమాటం గారి ఆవేదనను కాదనను. అయితే మొదటి పేజీలోని ప్రకటన పేజీ తెరిచినవారికే కనిపిస్తుంది. పేరు చూసి, అది కంపెనీదే అనుకుని అడుగుపెట్టినవారు అప్పటికే పొరబడ్డారు.

2001లో అమెరికాలోని నాలుగో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు పెటా కేసులో చెప్పింది ఇదే. జంతుహక్కుల సంస్థ పెటా పేరుతో డాట్ ఓఆర్‌జీ డొమైన్‌ను 1995లో ఒక వ్యక్తి తీసుకుని, ‘రుచికరమైన జంతువులను తినే జనం’ అన్న అర్థం వచ్చే విస్తరణ పెట్టి, మాంసం, వేట, తోలు వ్యాపారాల లింకులు ఉంచాడు. ఇది వ్యంగ్యమని అతని వాదన. వ్యంగ్యమైతే ‘మేం అసలువాళ్లం’, ‘మేం అసలువాళ్లం కాదు’ అన్న రెండు సందేశాలూ ఒకేసారి అందాలని, డొమైన్ పేరు ఒక్క మొదటి సందేశాన్నే ఇస్తోందని, రెండోది పేజీ తెరిచాక గానీ తెలియదని కోర్టు అంది. పేరు పోయింది.

ఇక అక్షర గారికి ఒక ప్రశ్న. మీ డొమైన్‌కు ఈమెయిల్ అమర్చి ఉందా? కంపెనీకి రాయాల్సిన వినియోగదారుడు పొరబాటున మీ చిరునామాకు తన ఖాతా వివరాలు పంపితే ఏమవుతుంది? యజమానులకు ఎక్కువ భయం కలిగించేది విమర్శ కాదు, ఇది. కొందరికి విమర్శే అసలు బాధ, ఈమెయిల్ ఒక సాకు. దాన్నీ నేను కాదనను.

పాత పంచాంగం

కేతన గారు పెటా కేసుతో ఆపేశారు కాబట్టి కథను కొంచెం ముందుకు తీసుకెళ్తాను. అదే నాలుగో సర్క్యూట్ 2005లో మతబోధకుడు జెర్రీ ఫాల్వెల్ కేసులో విమర్శకుడి పక్షాన తీర్పిచ్చింది. ఫాల్వెల్ పేరులో ఒక ‘ఎల్’ అదనంగా చేర్చిన డొమైన్‌లో, స్వలింగ సంపర్కంపై ఆయన అభిప్రాయాలను ఖండిస్తూ ఒక వ్యక్తి వెబ్‌సైటు నడిపాడు. తెరవగానే అది ఆయన వెబ్‌సైటు కాదని తెలిసిపోతుంది. ఒకప్పుడు అందులో అమెజాన్‌లోని ఒక పుస్తకానికి లింకు ఉండేది గానీ, దానివల్ల అతనికి పైసా రాలేదు. తికమక ఉందా లేదా అన్నది డొమైన్ ఒక్కదాన్నే చూసి కాక, వెనకున్న పేజీతో కలిపి చూడాలని కోర్టు అంది.

2004లో ఆరో సర్క్యూట్ చెప్పిన లూకస్ నర్సరీ తీర్పు ఇంకా దగ్గరి ఉదాహరణ. ఇంటి ముందు మొక్కల పని సరిగా చేయలేదని ఒక గృహిణి ఆ సంస్థ పేరునే డాట్ కామ్‌గా తీసుకుని, జరిగింది రాసిపెట్టారు. అమ్మాలనుకోలేదు, మరో పేరు కొనలేదు, ప్రకటనలు పెట్టలేదు. తోటి వినియోగదారులకు సమాచారం ఇవ్వడమే ఆమె ఉద్దేశమని కోర్టు నమ్మింది. సైబర్ స్క్వాటింగ్‌ను (ఇతరుల ట్రేడ్‌మార్కులను డొమైన్లుగా కబ్జా చేయడాన్ని) అరికట్టడానికి 1999 నవంబరులో అమెరికా చేసిన చట్టం ఒక్కో పేరుకు వెయ్యి నుంచి లక్ష డాలర్ల దాకా పరిహారం విధించే అధికారం కోర్టులకు ఇచ్చింది. ఆ చట్టం కిందే ఆమె నిర్దోషిగా బయటపడ్డారు. అదే ఏడాది ఐదో సర్క్యూట్ కూడా, ఇళ్లు కట్టే ఒక కంపెనీపై ఫిర్యాదుగా నడిచిన వెబ్‌సైటు విషయంలో ఇలాంటి నిర్ణయానికే వచ్చింది.

ఫ్రాన్స్‌లో దానోన్ బిస్కెట్ ఫ్యాక్టరీల మూసివేతకు వ్యతిరేకంగా 2001లో బహిష్కరణ ఉద్యమం వచ్చింది. ‘నేను దానోన్‌ను బహిష్కరిస్తున్నాను’ అని అర్థం వచ్చే డొమైన్లపై కంపెనీ కోర్టుకు వెళ్లి కింది కోర్టులో కొంత గెలిచినా, 2003లో పారిస్ అప్పీలు కోర్టు ఉద్యమకారుల భావప్రకటనా స్వేచ్ఛను సమర్థించింది. భారతదేశంలో డొమైన్ పేరుకు పాసింగ్ ఆఫ్ (తనదాన్ని మరొకరిదిగా చలామణి చేయడం) నుంచి రక్షణ వర్తిస్తుందని 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. టాటా గుర్తును వాడుతూ గ్రీన్‌పీస్ పెట్టిన తాబేళ్ల ఆన్‌లైన్ ఆటపై 2011లో ఢిల్లీ హైకోర్టు ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) ఇవ్వడానికి నిరాకరించింది. అది డొమైన్ వివాదం కాకపోయినా, విమర్శ కోసం ట్రేడ్‌మార్కును వాడినంత మాత్రాన అతిక్రమణ కాదన్న తర్కం మనకు పనికొస్తుంది.

తీర్పుల పఠిత

పాత పంచాంగం గారి తీర్పులన్నీ సరైనవే గానీ, అన్నీ కోర్టులవి. ప్యానెల్ ముందు వాటిని ఉదహరించవచ్చు, అవి కట్టిపడేస్తాయని మాత్రం అనుకోవద్దు. అక్షర గారి కేసులో అసలు చిక్కు ఇదే.

కంపెనీ పేరే డొమైన్‌గా ఉన్న విమర్శ వెబ్‌సైట్లపై ప్యానెళ్లు చాలాకాలం రెండు దారుల్లో నడిచాయి. మాజీ ఉద్యోగి ఒకరు పింఛను గొడవతో బ్రిడ్జ్‌స్టోన్ ఫైర్‌స్టోన్ పేరును డాట్ నెట్‌లో తీసుకుని కంపెనీని విమర్శిస్తే, 2000లో ప్యానెల్ కంపెనీ ఫిర్యాదును కొట్టేసింది. మరికొన్ని ప్యానెళ్లు, విమర్శించే హక్కు వేరు, ఇంకొకరి పేరుతో మిమ్మల్ని మీరు చెప్పుకునే హక్కు వేరు అని పేరు తీసేసుకున్నాయి. ప్యానెళ్ల ధోరణులను క్రోడీకరిస్తూ వైపో వెలువరించే సమీక్ష 2011 కూర్పులో ఈ రెండు దృక్పథాలనూ పక్కపక్కనే ఇచ్చింది. 2017 నాటి మూడో కూర్పుకు వచ్చేసరికి మొగ్గు స్పష్టమైంది: ట్రేడ్‌మార్కుతో అచ్చంగా సరిపోయే పేరు, లోపల నిజమైన విమర్శ ఉన్నప్పటికీ, కంపెనీనే అనిపించే ప్రమాదం వల్ల సాధారణంగా నిలవదు. పేరుకు ఈసడింపు మాటో, విమర్శ అని తెలిసే మాటో జోడిస్తే, వెబ్‌సైటు నిజంగా వ్యాపారేతరమైతే, సాధారణంగా నిలుస్తుంది.

జోడించిన మాట ఒక్కటే కాపాడుతుందని కూడా అనుకోలేం. 2000లో వాల్‌మార్ట్ పేరుకు ‘సక్స్’ అన్న ఇంగ్లిష్ ఈసడింపు మాట తగిలించిన డొమైన్లు కొన్ని, వాటి వెనక డబ్బు రాబట్టే ఉద్దేశం కనిపించడంతో, జులైలో కంపెనీకి వెళ్లిపోయాయి. కొద్ది నెలలకే అలాంటి మరో పేరుపై అదే కంపెనీ, అదే ప్రతివాదిపై వేసిన ఫిర్యాదు వీగిపోయింది. పేరు, కంపెనీ, ప్రతివాది దాదాపు ఒకటే అయినా, ప్యానెలిస్టు మారాడు, నమ్మిన ఉద్దేశం మారింది.

నా అంచనా నిక్కచ్చిగా చెబుతాను. మూడో అంశంలో, అంటే దురుద్దేశం దగ్గర, మీకు గట్టి వాదన ఉంది. రెండో అంశం దగ్గర మీ డొమైన్ పేరే మీకు ఎదురు సాక్షి.

అక్షర

అందరికీ ధన్యవాదాలు. కేతన గారి ప్రశ్నకు జవాబు: డొమైన్‌కు ఈమెయిల్ ఉంది, ఏ చిరునామాకు రాసినా ఒకే పెట్టెలోకి వచ్చేలా అమర్చాం. కంపెనీకి వెళ్లాల్సిన ఉత్తరాలు అప్పుడప్పుడూ వస్తుంటాయి, వాటిని తెరవకుండా తీసేస్తాం.

ఫిర్యాదు జతపత్రాలు నిన్న పూర్తిగా చదివాను. అందులో రెండు విషయాలు కలవరపెట్టాయి. ఒకటి, మా మొదటి పేజీ స్క్రీన్‌షాట్‌లో ‘సర్వర్ ఖర్చులకు విరాళం ఇవ్వండి’ అన్న బటన్ చుట్టూ ఎర్ర గీత గీసి, ‘వాణిజ్య వినియోగం’ అని శీర్షిక పెట్టారు. రెండోది, కొన్నాళ్ల క్రితం తనను న్యాయవాదిగా పరిచయం చేసుకున్న ఒకరు చాలా మర్యాదగా ‘ఈ డొమైన్‌కు మీరు ఎంత ఆశిస్తున్నారు?’ అని రాశారు. మాలో ఒకరు ‘అమ్మే ఉద్దేశం లేదు, అయినా బాధితులందరికీ వాపసు ఇస్తే పేరు ఉచితంగానే ఇచ్చేస్తాం’ అని జవాబిచ్చారు. ఆ ఉత్తరాన్ని 7వ జతపత్రంగా పెట్టి, ‘ప్రతివాది పేరును డబ్బుకు బేరం పెట్టాడు’ అని రాశారు.

నిర్మొహమాటం

ఇది వలపన్నడం కాక మరేమిటి? అడిగింది వాళ్లు, జవాబు చెప్పినందుకు దోషి వీళ్లా!

తీర్పుల పఠిత

వలే, కాకపోతే బాగా అరిగిపోయిన వల, ప్యానెలిస్టులకూ తెలిసిందే. నమోదుకు అయిన ఖర్చులకు మించిన సొమ్ముకు ఫిర్యాదుదారుకో, అతని పోటీదారుకో అమ్మడమే *ప్రధాన* ఉద్దేశంగా పేరు తీసుకుంటే అది దురుద్దేశానికి గుర్తు అని విధానం చెబుతుంది. చూడాల్సింది నమోదు నాటి ఉద్దేశాన్ని. అవతలివారు కదిపితే వచ్చిన జవాబును బట్టి ఆనాటి ఉద్దేశాన్ని నిర్ణయించడం అన్యాయమని వాదించండి. ఆ ఉత్తరప్రత్యుత్తరాలను మొత్తంగా, మొదటి ప్రశ్న ఎవరిదో కనిపించేలా, మీరే మళ్లీ జతచేయండి. మీ ఉత్తరం అడిగింది మూడో వ్యక్తులకు రావాల్సిన వాపసును, మీకు లాభాన్ని కాదు. ఈ తేడాను నొక్కి చెప్పండి.

విరాళం బటన్ గురించి పెద్దగా కంగారుపడనక్కర్లేదు. నిర్వహణ ఖర్చులకు తీసుకునే విరాళం వేరు, ప్రకటనల ఆదాయం వేరు. వచ్చినదెంత, సర్వర్‌కు పోయినదెంత అని ఒక చిన్న లెక్కపత్రం జతచేస్తే చాలు. అసలు ప్రమాదకరమైనది పోటీ కంపెనీకి వెళ్లే లింకు. అది ఉంటే విమర్శ అన్న వాదన అక్కడికక్కడే కూలిపోతుంది.

అమెరికాలో 2003 నాటి టాబ్‌మన్ కేసు ఈ సందర్భంలో చదవదగ్గది. ఒక షాపింగ్ మాల్‌ను మెచ్చుకుంటూ ఒక వ్యక్తి దాని పేరుతో వెబ్‌సైటు పెట్టాడు, అందులో తన సంస్థకూ, స్నేహితురాలి చొక్కాల వ్యాపారానికీ లింకులిచ్చాడు. మాల్ యజమానులు దావా వేశాక, కోపంతో వారి పేరుకు ‘సక్స్’ చేర్చి మరికొన్ని డొమైన్లు తీసుకుని, కోర్టు గొడవ మొత్తం వాటిలో పెట్టాడు. లింకులు తీసేయడంతో వాణిజ్య వాదన బలహీనపడిందని, ఈసడింపు మాట ఉన్న పేర్లు భావప్రకటన కిందికి వస్తాయని ఆరో సర్క్యూట్ ఇంజంక్షన్లను రద్దు చేసింది. అభిమానిని విమర్శకుడిగా మార్చింది ఆ దావాయే!

సర్వర్ గది

సాంకేతిక విషయాలు కొన్ని చెబుతాను, ఎందుకంటే ప్యానెలిస్టులు ఇప్పుడు ఇవి కూడా చూస్తున్నారు.

అన్ని చిరునామాలనూ ఒకే పెట్టెలోకి పంపే అమరికను వెంటనే తీసేయండి. డొమైన్ డీఎన్ఎస్‌లో (దాని చిరునామాల పట్టికలో) ఎంఎక్స్ రికార్డు, అంటే ఈమెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే నమోదు, ఉందంటే, అది ఈమెయిల్ అందుకోవడానికి సిద్ధంగా ఉందని ఎవరైనా బయటినుంచే చూడవచ్చు. కంపెనీ న్యాయవాదులు దాన్ని ‘ఫిషింగ్‌కు (మోసంతో వ్యక్తిగత వివరాలు రాబట్టడానికి) అవకాశం’ అంటూ జతచేస్తారు. మీ సంప్రదింపు చిరునామాను వేరే డొమైన్‌కు మార్చి, ఎంఎక్స్ రికార్డు తొలగించి, ఆ తేదీని జవాబులో మీరే చెప్పండి. ఫిర్యాదు వచ్చాక చేసిన మార్పు గతాన్ని చెరిపేయదు, అయితే ముందుముందు హాని ఉండదని చూపుతుంది.

డొమైన్ ఇప్పటికే లాక్ అయి ఉంటుంది. వైపో అడిగిన రెండు పనిదినాల్లో రిజిస్ట్రార్ లాక్ వేయాలి, ఆ తర్వాతే నోటీసు మీకు చేరుతుంది. లాక్ అంటే పేరును మరొకరికి గానీ మరో రిజిస్ట్రార్‌కు గానీ బదిలీ చేయలేకపోవడమే. వెబ్‌సైటు మామూలుగానే నడుస్తుంది. ఇంకొకటి: ప్రైవసీ సేవ వెనక మీ పేరు దాగి ఉంటే, ఇప్పటికి అది రిజిస్ట్రార్ నుంచి వైపోకు, అక్కడి నుంచి కంపెనీకి చేరిపోయి ఉంటుంది. కొన్ని కంపెనీలు అసలు ఆ పేరు తెలుసుకోవడానికే ఫిర్యాదు వేస్తాయన్న అనుమానం నాకుంది. మీ బృందంలో ఉద్యోగరీత్యా ఇబ్బందిపడేవారి పేరు మీద నమోదు ఉంటే, ఆ సంగతి వారికి ఇవాళే చెప్పండి.

కేతన

సర్వర్ గది గారి అనుమానం పూర్తిగా నిరాధారమని నేను అనలేను.

అక్షర గారూ, ఖర్చుల సంగతి కూడా తెలుసుకోండి. ఒకటి నుంచి అయిదు పేర్ల దాకా ఏక సభ్య ప్యానెల్‌కు వైపో రుసుము 1,500 డాలర్లు, అది కంపెనీయే కడుతుంది. త్రిసభ్య ప్యానెల్‌కు 4,000 డాలర్లు. కంపెనీ ఒక్కరిని కోరితే, మీరు ముగ్గురిని కోరితే, అందులో సగం మీ మీద పడుతుంది. ఇలాంటి సరిహద్దు కేసుల్లో ముగ్గురుండటం విమర్శకులకు మేలని అంటారు, ఎందుకంటే అభ్యర్థుల పేర్లు సూచించే వీలు మీకూ ఉంటుంది. మీ పేరు ట్రేడ్‌మార్కుతో అచ్చంగా ఒకటే కాబట్టి, ఆ రెండు వేల డాలర్లు పెట్టడం దండగని నా అభిప్రాయం. అవతలి పక్షంవాడి మాట కదా అని కొట్టిపారేయకండి.

నిర్మొహమాటం

డాట్ కామ్ లాగే, విమర్శకుల కోసమే వచ్చిందన్న డాట్ సక్స్ సంగతేమిటి? అందులో పేరు తీసుకుంటే ఎవరూ తికమకపడరు కదా?

పాత పంచాంగం

2015లో అది తెరుచుకున్నప్పుడు ట్రేడ్‌మార్కు యజమానులకు ముందస్తు నమోదు ధర ఏడాదికి 2,499 డాలర్లు పెట్టారు. విమర్శకు వేదిక అని చెప్పుకున్నా, కంపెనీలు భయంతో కొనుక్కోవాలన్నదే లెక్క అన్న విమర్శ అప్పుడే వచ్చింది. అది చట్టబద్ధమేనా అని ఐకాన్ స్వయంగా అమెరికా, కెనడా ప్రభుత్వ విభాగాలకు లేఖలు రాసింది. తర్వాతి కాలంలో ఎవరో కుప్పలుగా కంపెనీల పేర్లను అందులో నమోదు చేసి, ఇతర చోట్ల నుంచి యాంత్రికంగా పోగేసిన వ్యాఖ్యలు నింపి, పేర్లను అమ్మకానికి పెడితే, పలు ప్యానెళ్లు అది విమర్శ కాదు, విమర్శ ముసుగు అని పేర్లు తీసేసుకున్నాయి. కొన్ని ప్యానెళ్లు ఒప్పుకోలేదు కూడా. నిజమైన ఫిర్యాదుదారులకు అది అవసరమైన చోటు కాదు. మామూలు డాట్ కామ్‌లోనో డాట్ ఓఆర్‌జీలోనో కంపెనీ పేరు పక్కన ‘బాధితులు’ అనో ‘ఫిర్యాదులు’ అనో చేర్చుకుంటే సరిపోతుంది.

అక్షర

మేం మాట్లాడుకుని కొన్ని నిర్ణయాలకు వచ్చాం. జవాబు తప్పక దాఖలు చేస్తాం. త్రిసభ్య ప్యానెల్ కోరడం లేదు. విమర్శ అని తెలిసే మాట చేర్చిన కొత్త పేరు ఒకటి తీసుకుని పేజీలన్నీ అక్కడికి తరలిస్తున్నాం. పాత పేరు ఉన్నన్నాళ్లు అందులో కొత్త చిరునామా మాత్రమే చూపుతాం. ఓడిపోతే వెంటనే పేరు పోతుందా, కోర్టుకు వెళ్లే వీలుంటుందా? కంపెనీ మమ్మల్ని వేధించడానికే ఈ ఫిర్యాదు వేసిందని ప్యానెల్ చేత అనిపించవచ్చా?

తీర్పుల పఠిత

బదిలీ చేయమని నిర్ణయం వస్తే, రిజిస్ట్రార్ దాన్ని పది పనిదినాలు ఆపుతాడు. ఆలోగా మీరు తగిన కోర్టులో దావా వేసినట్టు రుజువు పంపితే, అది తేలేదాకా పేరు మీ దగ్గరే ఉంటుంది. ఏ కోర్టు అన్నది ఫిర్యాదులోనే రాసి ఉంటుంది. రిజిస్ట్రార్ ప్రధాన కార్యాలయం ఉన్న చోటు గానీ, నమోదులో ఉన్న మీ చిరునామా ప్రాంతం గానీ, రెండింటిలో ఒకదానికి కంపెనీ ముందే తలొగ్గి ఉండాలి. ఆ పేరా ఒకసారి వెతికి చూసుకోండి.

ఫిర్యాదు దురుద్దేశంతో వేసిందని ప్రకటించమని అడగవచ్చు, దాన్ని రివర్స్ డొమైన్ నేమ్ హైజాకింగ్ అంటారు. జరిమానా ఉండదు, నిర్ణయంలో ఒక వాక్యం ఉంటుంది, అంతే. మీ కేసులో దాన్ని అడగకపోవడమే మంచిది. కంపెనీ వాదనకు పునాది ఉందని పైన మేమంతా ఒప్పుకున్నాం, ప్యానెలిస్టుకూ అది కనిపిస్తుంది. జవాబు 5,000 మాటలకు మించకూడదు కాబట్టి ఆ చోటు రెండో అంశానికి వాడుకోండి. గడువు చాలకపోతే అదనంగా నాలుగు రోజులు కావాలని వైపోకు రాయండి, కారణం చెప్పనక్కర్లేదు, ఇస్తారు. కాకపోతే ఆ ఉత్తరం 20వ రోజు దాటకముందే వెళ్లాలి.